మారియమ్మ అరచేతి రాత

"ఫ్యాను కింద కూర్చునేది కూడా ఒక పనా? ఇంటికొచ్చి నాలుగు దోసెలు పోసేదానికి అంత అలుపేమి నీకు?" అన్నాడు మా ఆయన రఘునాథ్. నేను పదకొండో దోసె తిప్పుతున్నాను.

అది 2006. హోసూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ నా పని. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకాలి. ఇంట్లో మా అత్త జ్ఞానాంబ నాలో వెతికినట్టే.

బొమ్మలు గీయడం చిన్నప్పటి పిచ్చి. మా ఊరు జవళగిరిలో మా అవ్వకు చదువు రాదు. ఆమె మాత్రల పొట్లాల మీద పొద్దుటిదానికి కోడిపుంజు, రాత్రిదానికి నెలవంక గీసిచ్చేదాన్ని. "ఈ బొమ్మలు కూడు పెడతాయా?" అనేవాడు మా నాయన మారప్ప. అవ్వకు మాత్రలిచ్చేటప్పుడు మాత్రం ఆ బొమ్మలే చూసేవాడు.

ఆ ఏడు కృష్ణగిరిలో ఒక ఆసుపత్రికి మా కంపెనీ ప్రోగ్రాం ఇచ్చింది. అక్కడ కంప్యూటర్లో రోగుల పేర్లు ఎక్కించే మారియమ్మ అన్నీ తప్పులు చేస్తోందని ఫిర్యాదు వస్తే నన్ను పంపారు. ఆమె అరచేతి నిండా పెన్నుతో అంకెలు. ఏ మీట తర్వాత ఏది నొక్కాలో రాసుకుంది. చెమటకు అవి చెరిగిపోతే తడబడేది.

"తప్పు నాదేనమ్మా, నాకు ఇంగ్లీషు తక్కువ" అంది.

"నీది కాదక్కా, ఈ స్క్రీనుది" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. అలాంటి మాట నాతోనూ ఎవరూ అనలేదు.

రోగులు తమ వివరాలు ఏ వరసలో చెబుతారో సాయంత్రం దాకా విన్నాను. తిరుగు బస్సులో అదే వరసలో, మారియమ్మకు చదవొచ్చే తమిళ అక్షరాలతో కొత్త స్క్రీను గీశాను. "టెస్టింగ్ చేసేదానివి, బొమ్మలు నీకెందుకమ్మా?" అన్నాడు మేనేజరు జగన్నాథ్. నెల తిరక్కుండా దాన్నే తన ఆలోచనగా ఆసుపత్రివాళ్లకు చూపించాడు. అదే గదిలో ఉన్న నాతో, "భువనా, అందరికీ కాఫీ చెప్పమ్మా" అన్నాడు.

చెప్పలేదు. "ఆ స్క్రీను గీసింది నేను సార్" అన్నాను.

పక్క సీటు నమిత ఆ సాయంత్రమే నెట్‌లో వెతికి చూపించింది. "నువ్వు చేసిన పనికి, వాడేవాళ్లకు సులువుగా ఉండేట్టు స్క్రీను గీసేదానికి, యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్ అని పేరుందే! బెంగళూరులో శనివారాలు నేర్పిస్తారంట." నాలో ఇన్నాళ్లూ ఉన్నదానికి ఒక పేరుందని తెలిసి కళ్లు చెమ్మగిల్లాయి.

ఆ క్లాసులో చేరానని ఇంట్లో చెప్పాను. "శనివారం ఇల్లెవరు చూస్తారు?" అంది అత్త.

"ఎవరినడిగి చేరినావు?" అన్నాడు ఆయన.

"అడగలేదండీ. చెప్తా ఉండాను."

శనివారం పొద్దున బయల్దేరుతుంటే ఆయన వంటింట్లోంచి పిలిచాడు. "చక్కెర డబ్బా యాడ పెట్టినావు?"

"కనబడే చోటనే ఉంది, చూడండి" అని చెప్పులు వేసుకున్నాను.