జీరో టికెట్టు

మా ఆవిడ మునిలక్ష్మి నన్ను బస్సు ఛార్జీ అడగడం మానేసింది. వినేవాళ్ళకు ఇది సంతోషించాల్సిన సంగతే. నాకు మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

కాణిపాకంలో గుడి దారిలో నాది టెంకాయల అంగడి. ఇన్నేళ్ళూ ఆమె చిత్తూరు పోవాలన్నా గల్లాపెట్టె దగ్గరికి రావాల్సిందే. "యాడికి? ఎందుకు? ఎప్పుడొస్తావు?" అని అడిగి, జవాబు నచ్చితేనే దుడ్లు తీసిచ్చేవాణ్ణి. మా ప్రభుత్వం ఆడవాళ్ళకు ఉచిత బస్సు పెట్టిన రోజుతో నా దర్బారు ముగిసింది. ఇప్పుడు ఆధార్ కార్డు చూపించి, జీరో టికెట్టు తీసుకుని దర్జాగా పోతోంది. వారంలో ఒకటి రెండుసార్లు పొద్దున్నే సంచి పట్టుకుని బయల్దేరుతుంది. సాయంత్రం తలలో కొత్త మల్లెపూలతో దిగుతుంది. ఎక్కడికో చెప్పదు.

"వదిన మళ్ళా బస్సెక్కిందన్నా. నరహరిపేట పక్క పోతాండాదంట. నిప్పు లేంది పొగ రాదు సూడు," అన్నాడు పక్కంగడి మునిశేఖర్. వాడికి బేరాలు లేకపోతే నా సంసారమే కాలక్షేపం. తిట్టాను కానీ, ఆ మాట చెవిలో నుంచి పోలేదు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. జుట్టు నెరిసే వయసులో ఈమె ఇంకెవరికోసమో పోతోందంటే నేనేమైపోవాలి?

మరుసటి వారం తలకు తువ్వాలు చుట్టుకుని వెంబడించాను. చిత్తూరులో బస్సు మారింది. నరహరిపేటలో దిగి, చెక్‌పోస్టు పక్కగా నడిచి తమిళనాడులోకి పోయింది. నేను ఇటుకల లారీ చాటున నక్కి నక్కి నడిచాను. నాలుగడుగులు దాటేసరికి గోడల మీద నాయకులు మారిపోయారు, బోర్డుల మీద అక్షరాలు మారిపోయాయి. ఎదురొచ్చిన ప్రతి మగవాడూ నాకు దొంగలాగే కనబడ్డాడు.

అవతల టౌన్ బస్సెక్కింది. అక్కడా ఆడవాళ్ళకు ఉచితమే. మా పక్క కార్డు చూపించాలి. వీళ్ళు ఏ రాష్ట్రమని కూడా అడగలేదు, టికెట్టు చించి ఇచ్చేశారు. ఇంత అలుసిస్తే మనుషులు చెడిపోరా అని పళ్ళు కొరుక్కుంటూ వెనక నిలబడ్డాను.

"ఎంగ పోణుం?" అన్నాడు కండక్టర్ నాతో.

నాకు అరవం బాగానే వచ్చు. అంగడికి వచ్చేవాళ్ళలో సగం మంది వాళ్ళే. కానీ ఏ ఊరి పేరు చెప్పను? "కొంచెం ముందుకు," అని నసిగాను. కండక్టర్ నన్ను కిందికీ పైకీ చూశాడు. ఆకుకూర గంపతో కూర్చున్న ఒకావిడ, "ఎక్కినప్పటి నుంచీ ఆడవాళ్ళనే చూస్తున్నాడు, వీడి వాలకం బాగాలేదు," అని అరవంలో గట్టిగా అంది. బస్సంతా నా వైపు తిరిగింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

అప్పుడు మునిలక్ష్మి లేచింది. ఆయన మా ఇంటాయనేనని వాళ్ళ భాషలోనే చెప్పి, నా టికెట్టు తీసింది. పక్కకు జరిగి చోటిచ్చింది.

"నా సెల్లెలు హేమశ్రీ కాలిరిగి మంచంలో ఉండాది," అంది కిటికీలోకి చూస్తూ. "ఈడ నర్సమ్మ ఇంటికే వచ్చి మాత్రలిచ్చి పోతాది. కూడొండి పెట్టేదానికి ఎవురొస్తారు? నేనే వస్తాండా. పోయేటప్పుడు నా తలలో మల్లెపూలు పెట్టి పంపుతాది."

"ఒక మాట సెప్పుంటే నేనొద్దంటానా?"

"దుడ్లు అడిగినప్పుడల్లా యాడికని అడిగితివి. దుడ్లు అడగడం మాన్నాక ఒక్క తూరన్నా అడిగినావా?" ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు యెనకాల వచ్చేది చిత్తూరులోనే సూసినా. దగ్గరికొచ్చి అడుగుతావేమోనని ఈడిదాకా ఎదురు సూసినా."

కండక్టర్ ఈల మోగింది, బస్సాగింది. ఆమె సంచి తీసుకుని దిగింది. రమ్మని అనలేదు, వద్దనీ అనలేదు. వెనకాలే దిగాను. ఆమె ముఖంలోకి చూడాలంటే నాకు భయమేసింది.