కుండ మీది బొగ్గు

వేయించిన నువ్వులు నూనె కక్కేదాకా నూరి, మునిరత్నమ్మ పొత్రాన్ని పక్కకు జరిపి దగ్గింది. మసాలాలో తుంపర పడకూడదని తల తిప్పుకొని, కొంగు అడ్డం పెట్టుకొని మరీ దగ్గింది. జ్వరం వచ్చి వారం దాటింది. మిరపకాయలు, ధనియాలు, అల్లం, తెల్లగడ్డలు అప్పటికే మెత్తగా నూరి ఆకులో తీసిపెట్టింది. ఇక మిగిలింది బెల్లం, చింతపండు గుజ్జు, పచ్చి బొప్పాయి. ముదురు పొట్టేలు కండనైనా నిప్పు తగలగానే మెత్తబరిచేది ఆ బొప్పాయే. కాస్త ఎక్కువైతే మాత్రం కండ చువ్వకు నిలవదు, పిండిలా రాలిపోతుంది. ఎంత వేయాలో ఆమె వేళ్ళకు తెలుసు గానీ, నోటితో చెప్పమంటే చెప్పలేదు.

ఆమె అరచేతులు చూసినవాళ్ళు గోరింటాకు పెట్టుకుందేమో అనుకుంటారు. అది మిరపకాయల ఎరుపు. ఆముదం రాసుకున్నా మంట ఆరదు. పుట్టిన ఇద్దరు బిడ్డల్నీ ఆ చేతులతో తాకడానికి భయపడి మోచేతుల మీద ఎత్తుకునేది. అమ్మవారు పోసిన ఏడాది ఇద్దరూ పోయారు. మోచేతులకు ఆ బరువు ఇంకా గుర్తుంది.

మొగుడు ఆంజనప్ప చింతామణి ఊళ్ళో కల్లంగడి వాకిట్లో నిప్పులు రాజేసి, ఆమె ఊరబెట్టిన కండల్ని ఇనుప చువ్వలకు గుచ్చి కాల్చి అమ్ముతాడు. తాగేవాళ్ళంతా ఆంజనప్ప చేయి మంచిదంటారు. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. తాగేవాళ్ళ మెప్పు అతను ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. మంచి చేతిని పొగిడితే దిష్టి తగులుతుందని అతని భయం. దీపాలవేళ ఇంటికి రాగానే, ఏమన్నారని ఆమె అడుగుతుంది. తిన్నారంటాడు. కాపురమంతా ఆ ఒక్క మాటతోనే సరిపెట్టాడు మహానుభావుడు. ఒక్కసారైనా వేరే మాట వినాలని ఆమెకు ఉండదా? ఉండేది.

ఆ దినం సంగతి వేరు. అంగడి కొత్తగా వెంకటరాయప్ప గుత్తకు వచ్చింది. తిని చూశాకే వాకిట్లో చోటు ఎవరిదో తేలుస్తానన్నాడు. మురుగమల్లనుంచి ఒకడు అప్పుడే చువ్వలు పట్టుకొని దిగాడు. చోటు పోతే వీళ్ళకు వేరే బతుకు లేదు. అసలే యుద్ధం రోజులు, కూలి దొరికినా రాగులు దొరకడం లేదు.

పొద్దున ఆంజనప్ప ఆమె నుదురు తాకి చూశాడు.

"ఈ పొద్దుకు ఇడిసిపెట్టు మే. నేనే నూరుకుంటా."

"నువ్వు నూరితే ఆ చోటు పాయె. పోయి నిప్పులు రాజేసుకోపో. నేను పండుకోనుంటే లేపొద్దు, కుండ ఎత్తుకోనిపో."

ఆమె కండ కండకూ మసాలా పట్టించి, కుండలో అదిమి, మూతికి వాసెనగుడ్డ కట్టింది. ఇంకొక్క పని ఉంది. మాంసం కుండ గడప దాటేటప్పుడు గాలి సోకకుండా గుడ్డ మీద బొగ్గుముక్క పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. కుండ ఎత్తేవాడు నోరు విప్పకూడదు, వాడిని ఎవరూ పలకరించకూడదు. బొగ్గు పెట్టేది ఎప్పుడూ మునిరత్నమ్మే. పొయ్యి దగ్గరకు వంగి లేచేసరికి కళ్ళు తిరిగాయి. కాసేపు పడుకుంటే సర్దుకుంటుందని గోడవైపు తిరిగి ఒరిగింది.

ఎండ నడినెత్తికి వచ్చాక ఆంజనప్ప వచ్చాడు. దగ్గు వినిపించలేదు. పోనీలే, నిద్ర పట్టింది అనుకున్నాడు. కుండ మీద బొగ్గు లేదు. ఒంట్లో బాగాలేక మరిచిపోయిందనుకొని తానే ఒకటి తీసి పెట్టాడు. నోరు మెదపకుండా, అడుగుల చప్పుడు కాకుండా కుండ ఎత్తుకున్నాడు. దుప్పటి కప్పితే బాగుండునని గడప దగ్గర అనిపించింది. రెండు చేతుల్లోనూ కుండ ఉంది.

కొవ్వు కరిగి నిప్పుల మీద చిటపటలాడింది. వెంకటరాయప్ప ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇంకో చువ్వ అందుకున్నాడు. అదీ అయ్యాక చేయి తుడుచుకుంటూ, చోటు నీదే పో, నీ చేతిలో ఏదో ఉండాదప్పా అన్నాడు. ఎప్పుడూ తలవంచుకుని ఊరుకునే ఆంజనప్ప ఆ దినం ఊరుకోలేకపోయాడు.

"చేయి నాది కాదు సామీ. మా ఇంటిదాందే. ఆమె నూరతాది, నేను కాలుస్తా. అంతే."

దిష్టి మాట దారిలో గుర్తొచ్చింది. వస్తే రానీ అనుకున్నాడు. సంతోషంతో కాళ్ళు నిలవడం లేదు. గడపలో ఉండగానే మొదలుపెట్టాడు.

"ఏమన్న్యారని అడగవేమే? శానా బాగుండాదన్న్యారు. నీ చేయేనని అందరి ముందరా చెప్పినా."

ఆమె మధ్యాహ్నం తిరిగిన గోడవైపే ఉంది. భుజం తాకితే చల్లగా, బిగుసుకుపోయి ఉంది. ఆంజనప్ప పక్కన కూలబడి, అదే మాట ఇంకొంచెం గట్టిగా మళ్ళీ చెప్పాడు.

ఇరుగమ్మలు వచ్చి నీళ్ళు పోయబోతే కుడి పిడికిలి విడలేదు. ఆంజనప్పే కూర్చుని ఒక్కొక్క వేలూ విప్పాడు. మధ్యాహ్నం తాను చూసింది నిద్ర కాదని అప్పుడు తెలిసింది. మిరపకాయల ఎరుపు దిగిన ఆ అరచేతిలో, కుండ మీద పెట్టాలని పొయ్యిలోంచి ఏరుకున్న చిన్న బొగ్గుముక్క ఉంది.