తేలిక బొమ్మ మెడ

మా పెద్దసారుకి ప్రతి మాటకీ నవ్వు. ఆ నవ్వు వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

కొత్త శిక్షణ విమానానికి మేం ఎజెక్షన్ సీటు తయారుచేస్తున్నాం. విమానం కూలబోతుంటే పైలట్ పిడి లాగాలి. సీటు కింది రాకెట్ మండి, మనిషిని సీటుతో సహా బయటికి విసిరేస్తుంది. మనుషుల బదులు బొమ్మల్ని కూర్చోబెట్టి, పట్టాల మీద రాకెట్ బండిలో పరీక్షించడం నా పని. మా బొమ్మలన్నీ కండలు తిరిగిన మగవాళ్ళ బరువువే. కానీ ఆ విమానం నడపబోయే జట్టులో మా చెల్లెలుంది. గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుందని ఇంట్లో దాన్ని ఈక అంటాం. బరువైనవాళ్ళ కోసం లెక్కగట్టిన ఆ తోపుకి దాని మెడ నిలుస్తుందా అన్నదే నా భయం.

"తేలిక బొమ్మతో కూడా చేద్దాం సార్" అని అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు.

"బొమ్మెందుకమ్మా? మీ చెల్లెలికి నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టు!"

ఎద్దు పుండు కాకికి నొప్పా? మీటింగుల్లో అరిచాను. పైవాళ్ళకి రాశాను. గయ్యాళి అని పేరు తెచ్చుకున్నాను. చివరికి వేరే ల్యాబు వాళ్ళని బతిమాలి తేలిక బొమ్మను అరువు తెచ్చాను.

పరీక్ష రోజు బండి దూసుకెళ్ళింది, సీటు ఎగిరింది, పారాచూట్ విచ్చుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం తెర మీద, బొమ్మ మెడపై పడ్డ బలాన్ని చూపే గీతనే చూస్తున్నాను. అది ప్రమాద రేఖ దాటి ఎక్కడికో పోయింది. బొమ్మ కాబట్టి సరిపోయింది, మనిషైతే పారాచూట్ కింద శవం దిగేది.

పెద్దసారు వాదించలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. తక్కువ బరువున్న పైలట్లు ఈ విమానం ఎక్కకూడదట. జట్టులో అలాంటిది ఈక ఒక్కతే.

యూనిఫాం కూడా మార్చుకోకుండా అది నేరుగా నా ల్యాబుకొచ్చింది.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడగొట్టావు కదే అక్కా!"

"మెడ విరిగి చచ్చేదానివే!"

"తెలుసు. పరీక్ష చెయ్యడం తప్పని నేననట్లేదు. ఒక్కటి చెప్పు. ఇవాళ విరిగింది బరువు బొమ్మ మెడైతే, బరువైనవాళ్ళందర్నీ ఇలాగే దింపేసేవాళ్ళా?"

నేను నోరు తెరిచేలోపే తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ దాని మెడ గురించే అరిచాను. దాన్నే తీసేస్తారని కలలో కూడా అనుకోలేదు.

మర్నాడు సీటు ఆమోదం కోసం అందరం కూర్చున్నాం. పరీక్షలు చేసినదాన్ని నేనే కాబట్టి నా సంతకం లేనిదే సీటు బయటికి పోదు. పెద్దసారు కాగితం నా ముందుకు జరిపాడు.

"సార్, నిన్న విరిగింది బరువు బొమ్మ మెడైతే ఏం చేసేవాళ్ళం?"

"అదేం ప్రశ్నమ్మా? సీటు మార్చేవాళ్ళం."

ఆయన నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. బల్ల చుట్టూ అందరూ విన్నారు. కాగితం తిరిగి ఆయన వైపే తోశాను.

"అయితే మార్చండి."