గట్టు దాటని డ్రోన్

పొద్దున లేచిన దగ్గర్నుంచి అక్షయకు కాలు ఒకచోట నిలవడం లేదు. నందిగామ అవతల తమ ఊరి మహిళా సంఘానికొచ్చిన మందు కొట్టే డ్రోన్‌ను ఎగరేసేది తనే. పోయిన వారం అది చెట్టంత ఎత్తు నుంచి దబ్బున పడి రెండు రెక్కలు విరిగాయి. జగ్గయ్యపేటలో బాగుచేయించి తెచ్చారు. ఈసారి పడితే డ్రోన్ ఇంకొకరి చేతికిస్తానని సంఘం లీడరు సత్యనారాయణమ్మ మెత్తగానే చెప్పింది. తిట్టినా బాగుండేదని అక్షయకు అనిపించింది.

తప్పు మీట నొక్కిందని ఊరంతా తేల్చేశారు. ఊరికేం, నోరుంటే చాలు. అక్షయకు మాత్రం ఒక సంగతి మింగుడుపడలేదు. జారిపోతోందని పవర్ పెంచినకొద్దీ డ్రోన్ ఇంకా వేగంగా జారింది. ట్రైనింగ్ ఇచ్చిన స్టీవెన్‌కు ఫోన్ చేస్తే ఆయన విడమరిచి చెప్పాడు. ఫ్యాన్లు గాలిని కిందికి తోస్తాయి. డ్రోన్ నిలువుగా గబగబా దిగితే తను తోసిన గాలిలోకే తను దిగుతుంది. ఆ గాలి రెక్కల అంచుల దగ్గర సుడి తిరిగి, పైకొచ్చి, మళ్లీ ఫ్యాన్ల మీదే పడుతుంది. పవర్ పెంచితే పెరిగేది సుడే. పక్కకు లాగి కొత్త గాలిలోకి తీసుకుపోవడమే మార్గమన్నాడు.

అప్పట్నుంచి ముక్త్యాల సిమెంటు లారీ వెనక దుమ్ము గిర్రున తిరిగినా ఆమె గుండె జారిపోతోంది.

పక్కకంటే ఎటు? ఈ రోజు మందు కొట్టాల్సిన భవానీప్రసాద్ మొక్కజొన్న చేనుకు మూడువైపులా ఎత్తుగా పెరిగిన సుబాబుల్ చెట్ల తోట. నాలుగో వైపు సత్యనారాయణమ్మ మిరప. నిరుడు అతను కొట్టిన కలుపుమందు గాలికి గట్టు దాటి ఆ మిరపాకులన్నీ ముడుచుకుపోయాయి. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. డ్రోన్ రాగానే ఆమె పెట్టిన మొదటి షరతు, ఎవరి చేలో లేచింది వాళ్ల చేలోనే దిగాలి, గట్టు దాటకూడదు. పోయిన వారం కూడా ఆ షరతు కోసమే అక్షయ నిలువుగా దించింది. ఆ సంగతి షరతు పెట్టిన మనిషితోనే చెప్పడానికి నోరు రాలేదు.

సత్యనారాయణమ్మ తన మిరపలో నిలబడి చూస్తోంది. సగం చేను అయ్యేసరికి బ్యాటరీ తగ్గింది. డ్రోన్ తనంతట తనే సుబాబుల్ కంటే పైకి లేచి, ఎగిరిన చోటికొచ్చి నిలబడింది. ట్యాంకులో ఇంకా సగం కలుపుమందు ఉంది. అక్షయ మందు ఆపేసి దించడం మొదలెట్టింది. గాలి లేదు, ఆకు కదలడం లేదు. నెమ్మదిగా దించుదామంటే రిమోట్ తెర మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా మెరుస్తోంది. కాస్త తొందరపెట్టింది. అంతే, డ్రోన్ వణికి జారడం మొదలెట్టింది.

బొటనవేలు పవర్ వైపే పోబోయింది. బలవంతాన ఆపి డ్రోన్‌ను పక్కకు తోసింది. అది గట్టు దాటి మిరప మీదికి పోయి, అక్కడ నిలదొక్కుకుంది. ఏటవాలుగా తిప్పి తెచ్చి గట్టు పక్కన దించింది.

మళ్లీ గొడవ తన మెడకే చుట్టుకుంటుందని, మార్చాల్సిన రెండో బ్యాటరీ దగ్గర నిలబడ్డ భవానీప్రసాద్ గొణిగాడు. సత్యనారాయణమ్మ మిరప సాళ్లలో వంగి ఆకులు తిప్పి చూసింది, వేళ్లతో రాసి వాసన చూసింది. తడి లేదు. అప్పుడు గట్టు దగ్గరికొచ్చి, ఎందుకు దాటించావని అడిగింది. అక్షయ సుడిగాలి సంగతంతా చెప్పింది.

"అయితే పోయినవారం పడింది కూడా నా మాట వల్లేనా?"

"చెప్పాలంటే భయమేసింది పిన్నీ."

సత్యనారాయణమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. డ్రోన్ వైపు, తన మిరప వైపు మార్చి మార్చి చూసింది.

"ఈసారి మందు ఆపేసి నా చేను మీంచే దించు" అంది. తర్వాత గట్టు అవతలికి చెయ్యి చాచింది. "ప్రసాదూ, ఆ రెండో బ్యాటరీ ఇటియ్యి."

ఏడాది తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది. అతను బ్యాటరీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.