నీరజకు పెట్టని రిబ్బను

ముప్పై అయిదేళ్ల ఆడమనిషి జుట్టుకు రిబ్బను కట్టుకుంటే లోకానికి ఎక్కడ నొప్పో హిమజకు ఎప్పుడూ అర్థం కాలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నాచారంలో ఆమె పనిచేసే పంపుల కంపెనీ ఆఫీసులో, చేరిన కొత్తలోనే పక్క సీటు సుశీలమ్మ చెంపన చెయ్యి పెట్టుకుని, "ఏందమ్మా, స్కూల్ బస్సు ఎక్కబోయి గిటు వచ్చినవా?" అంది. అందరూ నవ్వారు. హిమజ కూడా నవ్వింది. నవ్వి, మర్నాడు ఇంకో రిబ్బను కట్టుకొచ్చింది.

స్కూలు పిల్లల రిబ్బను వేరు, హిమజ రిబ్బను వేరు. రెండు జడలు మడిచి చెవుల పక్కన పువ్వులు విప్పుకుని తిరగడం కాదు. జుట్టంతా మెడ దగ్గరకు తెచ్చి, వదులుగా ఒకే జడ అల్లి, ఆ జడ మొదట్లో ఒక్క ముడి వేసేది. చీరలో అన్నింటికన్నా తక్కువగా కనిపించే రంగేదో చూసి ఆ రంగు రిబ్బను తీసేది. ఎండాకాలం శాటిన్, చలికాలం వెల్వెట్. కొసలు ఏటవాలుగా కత్తిరించి, దారాలు లేవకుండా అగ్గిపుల్లకు అలా తాకించి వదిలేది. ఆ కొసలు జాకెట్టు మెడ దాటి కిందికి దిగాయా, ఇక అది తోకే అనేది. చెవులకు చిన్న దుద్దులు, అంతే. కొన్నాళ్లకు ఆ సుశీలమ్మే, "జర మా బిడ్డకు గూడ నేర్పియ్యమ్మా" అని వచ్చింది. చూశారా మరి!

పెళ్లి ఆలస్యమైన మనిషి హిమజ. చుట్టాల పెళ్లిళ్లలో అందరూ జాలిగా చూసిన ఏళ్లన్నీ, ప్రొద్దున్నే అద్దం ముందు నిలబడి ఆ ముడి వేసుకుని, నేను బాగానే ఉన్నాను అని తనకు తానే చెప్పుకునేది. అందుకే ఆమెకు రిబ్బనంటే అంత పట్టింపు.

చివరికి విక్రమ్ సంబంధం వచ్చింది. చర్లపల్లిలో ఫ్యాక్టరీ ఉద్యోగం, నెమ్మదస్తుడు. మొదటి భార్య నీరజ జబ్బు చేసి పోయింది. పిల్లలు లేరు. ఉప్పల్ డిపో వెనక సందులో చిన్న ఇల్లు, ఆ ఇంట్లో తల్లి లక్ష్మీనర్సమ్మ. హాల్లోకి అడుగు పెడుతూనే ఎదురుగా గోడ మీద నీరజ ఫోటో. ముందుకు వేసుకున్న జడ నడుము దాటి ఫోటో అంచులో కలిసిపోయింది. హిమజ ఆ జడ చూసి, అబ్బ, ఎంత జుట్టు, అనుకుంది. అసూయ పడలేదు. చచ్చినవాళ్ల మీద అసూయేమిటి?

కానీ ఆ ఇంట్లో ఒక మాట ఉంది. "పెట్టినవా?"

ముత్తైదువగా పోయిన ఇల్లాలు పేరంటాలవుతుందని, రెండో పెళ్లాం ఏది కట్టుకున్నా ముందు ఆమెకు పెట్టి కట్టుకోవాలని లక్ష్మీనర్సమ్మ గట్టి నమ్మకం. కొత్త చీర తెస్తే ఫోటో ముందు పీట మీద పెట్టి, బొట్టు పెట్టి, దీపం ముట్టించాలి. కాసేపాగి తీసి కట్టుకోవాలి. గాజులూ అంతే, చెప్పులూ అంతే. పెళ్లయిన కొత్తలో హిమజకు ఇది తమాషాగా ఉండేది. రాను రాను గొంతులో ముల్లయింది. తన ఒంటి మీది ప్రతిదీ ముందు ఇంకొకరు కట్టి విడిచిందే. మొగుడితో సహా, అనుకుని ఒకరోజు తనలో తనే నవ్వుకుంది. నవ్వాక ఏడుపొచ్చింది.

ఒక్క రిబ్బను మాత్రం పెట్టలేదు. అడిగితే, "రిబ్బనుకు గూడనా అత్తమ్మా? అది పిల్లలు కట్టుకునేది, దానికేం పేరంటం?" అంది.

లక్ష్మీనర్సమ్మ ఆమె మెడ వెనక్కి అదోలా చూసి, "పెట్టు బిడ్డా, మంచిది" అంది.

"పెట్టను. గిదొక్కటి నాది" అంది హిమజ.

అప్పటి నుంచి రిబ్బను ఊడిపోవడం మొదలైంది.

ఆఫీసులో ఊడదు. స్కూటీ మీద హెల్మెట్ కింద, పూర్తికాని ఫ్లైఓవర్ పిల్లర్ల దుమ్ములో, ఉప్పల్ రింగురోడ్డు ట్రాఫిక్ తోసుకుంటూ వచ్చినా ఊడదు. ఇంట్లోకి వచ్చి, కాళ్లు కడుక్కుని, స్టవ్ ముందు కాస్త వంగితే చాలు, మెడ మీద చల్లగా ఏదో జారేది. చూస్తే రిబ్బను నేల మీద ఉండేది. కూర్చుని పప్పు ఏరుతుంటే ఒళ్లో పడేది. ఒకసారైతే హాలు తుడిచి లేచేసరికి నీరజ ఫోటో కింద పడి ఉంది. వెల్వెట్ కట్టింది, పిన్నులు గుచ్చింది, ఉపయోగం లేదు.

విక్రమ్‌తో చెబితే, "ఫ్యాను గాలికి ఊడిందేమో" అన్నాడు. మగవాళ్లకు ప్రపంచంలో సగం సంగతులు ఫ్యాను గాలికే జరుగుతాయి.

"గాలికి ముడి ఊడ్తదా? గాలికి చేతులున్నయా?" అంది.

ఆ మాట అన్నాక ఆమెకే ఒళ్లు జలదరించింది. ఆ తర్వాత ఫోటోకు వీపు పెట్టి కూర్చోవడం మానేసింది. స్నానాలగదిలో తల తుడుచుకుంటుంటే వెనక ఎవరో నిలబడి, జుట్టు ఆరేదాకా ఓపిగ్గా చూస్తున్నట్టుండేది. నిజం చెప్పాలంటే భయంకన్నా ఉక్రోషం ఎక్కువ. అన్నీ ముందు నీకే పెట్టాను కదా, ఈ బెత్తెడు గుడ్డ మీద కూడా నీ కన్నేనా? అని ఫోటో ముందు నిలబడి అడిగేసింది.

లక్ష్మీనర్సమ్మ మాత్రం, "అడుగుతున్నదే అది. పెట్టెయ్యరాదు?" అనేది. హిమజ మొండికేసింది. ఇది కూడా ఇస్తే ఈ ఇంట్లో నేనంటూ ఏం మిగులుతాను?

ఒక ఆదివారం మధ్యాహ్నం, తిన్న తర్వాత, దివాన్‌కు ఆనుకుని కింద కూర్చుని టీవీ చూస్తూ కునుకు తీసింది హిమజ. విక్రమ్ బయటికెళ్లాడు. దివాన్ మీద అత్తమ్మ పడుకుని ఉంది. నిద్రలోనే మెడ వెనక చిన్న లాగుడు తెలిసింది. మెత్తగా, భయపడుతూ లాగినట్టు. ఇవాళ అటో ఇటో తేలాలనుకుని గిరుక్కున తిరిగి, చేతికి దొరికినదాన్ని పట్టేసుకుంది.

అది అత్తమ్మ చెయ్యి. వేళ్ల మధ్య రిబ్బను కొస.

"నువ్వా!" అని అరిచింది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం! "ఇన్ని రోజుల సంది నన్ను దయ్యం పేరు చెప్పి సంపుతున్నది నువ్వా అత్తమ్మా? ఫోటో దిక్కు సూడాలంటేనే నాకు దడ పుడ్తున్నది. నీకు నేను ఏం పాపం చేసిన?"

లక్ష్మీనర్సమ్మ చెయ్యి విడిపించుకోలేదు.

"నేను ఇప్పుతలేను బిడ్డా. గుంజి సూస్తున్న. ఆగుతదా లేదా అని."

"ఆగుడేంది?"

ముసలామె లేచి కూర్చుంది. కొడుక్కి కూడా చెప్పని సంగతి, ఫోటో వైపు చూడకుండా చెప్పింది.

"దవాఖాన మందులకు దాని జుట్టంత పోయింది. గా ఫోటోల జడ సూసినవు గద, ఒక్క ఎంటిక మిగల్లే. పోయిన్నాడు ఆడోళ్లందరు స్నానం పోసిన్రు, పసుపు రాసిన్రు, చీర కట్టిన్రు. నెత్తిల పూలు పెట్టాలె. ముత్తైదువ గదా, పూలు లేకుండ ఎట్ల పంపుతం? పెట్టేతందుకు ఆడ ఏమున్నది బిడ్డా? అందరు నా మొఖమే సూస్తున్నరు. ఫ్రిజ్జు మీద స్వీటు డబ్బకు కట్టిన ఎర్ర రిబ్బను కనవడ్డది. ఇప్పి తెచ్చి, దాని నెత్తి సుట్టు కట్టి, మల్లెపూలు అండ్ల దోపిన. పెండ్లిపిల్ల లెక్క అయింది. ఇంక మంచిగ కనవడాలె అని పువ్వు ముడి ఏసిన. గాడ తప్పు చేసిన. గట్టి ముడి ఏసుంటే అయిపోతుండె."

హిమజ పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"బండిల ఎక్కిచ్చేటప్పుడు జారింది. పూలన్ని తొవ్వల వడ్డయి. ఎవలో తొక్కిన్రు. నేను సూసిన, ఇంకెవలు సూడలే. నోరు తెరిస్తే బండి ఆపాలె, గంతమందిల దాని బోడి నెత్తి మళ్ల బయటవడాలె. ఊకున్న. నా కోడలు ముత్తైదువై ఉండి గూడ పూలు లేకుండ పోయింది. నువ్వు రిబ్బను కట్టుకోని ఎదురుంగ తిరుగుతుంటే నా చెయ్యి ఆగదు. గుంజితే ఊడుతది. మళ్ల గుంజుత, మళ్ల ఊడుతది."

టీవీలో ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. హిమజ దాన్ని ఆపేసింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆ ముసలి చెయ్యి ఎన్నాళ్లుగా ఒకే ముడి దగ్గర ఆగిపోయిందో అనుకుంది.

"అన్నిసార్లు నువ్వేనా?" అని మెల్లగా అడిగింది.

"యాది లేదు బిడ్డా. నేనే గావొచ్చు."

హిమజ వెనక్కి తిరిగి కూర్చుని, రిబ్బను భుజం మీదుగా అందించింది. "కట్టు. గట్టిగ కట్టు. కట్టి గుంజు."

లక్ష్మీనర్సమ్మ కట్టింది. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. కొస పట్టుకుని గుంజింది. హిమజ తల వెనక్కి వంగింది గానీ ముడి కదల్లేదు. ముసలామె కోడలి వీపు మీద మొహం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. పోనీలే, దయ్యమూ లేదు, భూతమూ లేదు, అనుకుంది హిమజ. రిబ్బను నాకే మిగిలింది అని కూడా అనుకుంది. అలా అనుకున్నందుకు కాస్త సిగ్గుపడింది.

మర్నాడు ప్రొద్దున కూడా అత్తమ్మే కట్టింది. కట్టేసి, తేలికపడ్డ మొహంతో, అన్నోజిగూడలో ఉన్న కూతురి దగ్గర రెండ్రోజులు ఉండొస్తానని బస్సెక్కింది. ఆఫీసులో సుశీలమ్మ ఆ ముడి చూసి, "గిదేందమ్మా, ఇయ్యాల బియ్యం మూట కట్టినట్టున్నది?" అంది.

"మా అత్తమ్మ కట్టింది" అంది హిమజ, గర్వంగానే.

సాయంత్రం దీపాల వేళకు ఇల్లు చేరింది. విక్రమ్‌ది సెకండ్ షిఫ్ట్. తాళం తనే తీసింది. హాల్లో లైటు వేసింది, హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది. వెనక చెయ్యి పెట్టి చూసుకుంటే ముడి గట్టిగానే ఉంది. దీపం ముట్టిద్దామని వంగింది.

మెడ మీద చల్లగా జారింది.

జుట్టు విప్పారి రెండు భుజాల మీదా పడింది. ఇంట్లో ఎవరూ లేరు. ఫ్యాను కూడా తిరగడం లేదు. హిమజ కదలకుండా అలాగే వంగి, నేల మీది రిబ్బనును చూసింది. ముడి విడిపోలేదు. అత్తమ్మ వేసిన మూడు ముళ్లూ ఒకదాని మీద ఒకటి అలాగే ఉన్నాయి. కానీ జడ చుట్టూ బిగించిన ఆ చుట్టులో రెండు వేళ్లు కూడా పట్టేవి కావు ప్రొద్దున. ఇప్పుడది నేల మీద గుండ్రంగా, వెడల్పుగా పరుచుకుని ఉంది.

అంత వెడల్పు ఎందుకో ఆమెకు చేతిలోకి తీసుకోకముందే తెలిసిపోయింది. అది ఒక తల పట్టేంత ఉంది.

భయం వేసింది. అబద్ధమెందుకు, అక్కడే నేల మీద కూలబడింది. పరుగెత్తి పక్కింటికి పోదామనుకుంది. పోయి ఏం చెబుతుంది? కూర్చుని ఉండగా ఉండగా భయం పక్కన ఇంకోటి వచ్చి చేరింది. ఇన్నాళ్లూ నీరజ తన చీరలకో, మొగుడికో ఆశపడి తిరుగుతోందనుకుంది. పాపం, పూలు నిలబడేందుకు ఇంత గుడ్డముక్క అడుగుతోంది. అడిగీ అడిగీ, ఎవరూ ఇవ్వకపోతే, కొలత వేసి చూపించింది.

"ఎంత సతాయించిన అక్కా నిన్ను" అంది హిమజ పైకే.

విరబోసుకున్న జుట్టుతోనే సందు చివరికి వెళ్లింది. పూలబ్బాయి ఎగాదిగా చూసి మూర మల్లెపూలిచ్చాడు. తిరిగొచ్చి, పీట వేసి, ఎవరూ 'పెట్టినవా' అని అడగకుండానే రిబ్బను ఫోటో ముందు పెట్టింది. బొట్టు పెట్టింది. దీపం ముట్టించింది. ఎప్పటిలా తీసి తను కట్టుకోవడానికి కాదు. ఫోటో పైనుంచి ఆ చుట్టును దించి, నీరజ నుదుటి మీదుగా సరిచేసి, మల్లెలు ఒత్తుగా అందులో దోపింది. ముడి పక్కకు రావాలి, కొసలు సమానంగా ఉండాలి. చెయ్యి తిరిగిన మనిషి కదా, చక్కగా అమిరింది. కొస పట్టుకుని గట్టిగా గుంజింది. ఒక్క పువ్వు కూడా రాలలేదు.

"ఇగ ఊడదు" అంది. "పోయి రా అక్కా."

అనేశాక నాలుక కరుచుకుంది. గడప దాటే ప్రతి మనిషికీ పుట్టినప్పటి నుంచి అంటున్న మాట, అలవాటుగా వచ్చేసింది. పోయినవాళ్లను ఎవరైనా మళ్లీ రమ్మంటారా? చావింటి నుంచి లేచేటప్పుడు పోయొస్తానని కూడా అనరే! దీపం వెలుగులో నీరజ ఆమెనే చూస్తోంది. మాట దిద్దుకోవాలి, ఇప్పుడే, చివరి 'రా' ఒక్కటి తీసేస్తే చాలు.

హిమజ నోరు తెరిచింది. పూలు పెట్టుకుని ముస్తాబైన ఆ మొహంలోకి చూస్తూ, రావద్దు అనడానికి నోరు రాలేదు. దిద్దుకోకుండానే లేచి, వీధి తలుపు గడియ తీసి ఉంచి, వంటింట్లోకి వెళ్లింది.