రెండూ కుడిచేతివే

లాయరమ్మ కోటుకి అక్క కత్తిరించిన చేతులు రెండూ కుడిచేతివే అయ్యాయి. మిషను ముందు కూర్చున్న చెల్లెలు వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి చూసింది. తిరగేస్తే గుడ్డ వెనకవైపు పైకొస్తోంది. ఒళ్ళో పెట్టుకుంది.

గుడ్డను మడిచి రెండు చేతులూ ఒక్కసారే కత్తిరిస్తే ఈ తప్పు జరగదు. విడివిడిగా కత్తిరిస్తే మాత్రం జానెడు గుడ్డ మిగులుతుంది. ఆ జానెడు మిగల్చడమే అక్క ఇరవయ్యేళ్ళ గొప్ప. కత్తెర చెల్లెలి చేతికి ఏనాడూ ఇవ్వలేదు. వచ్చినవాళ్ళు చిన్నామె కుట్టునే మెచ్చుకుని పోయేవారు. అక్కకి అది గిట్టేది కాదు. కత్తిరింపు ఎవరి కంటికీ ఆనదు. ఆ కత్తిరింపు బల్ల కూడా పోతే తనకింక మిగిలేదేమీ లేదని ఆమెకు తెలుసు.

"ఏంటే, బొమ్మలా కూర్చున్నావు? ఆవిడొచ్చే వేళయింది."

"రెండూ ఒకే చేతివక్కా."

అక్క లాక్కుని చూసింది. చూపు ఆనక వేళ్ళతో తడిమింది. "నువ్వే తారుమారు చేసుంటావు."

"అవునులే. మంత్రమేశాను."

"ఎగతాళా?"

"ఇలా తప్పడం ఇది మూడోసారి. పోయిన రెండుసార్లూ అలాంటి గుడ్డే కొనుక్కొచ్చి నేనే కత్తిరించా. ఈ గుడ్డ ఇక్కడ దొరకదు."

"ఏ కత్తెరతో?"

"నీదాంతోనే. నువ్వు అన్నానికెళ్ళినప్పుడు."

తప్పు కన్నా ఆ మాటే అక్కకి ఎక్కువ గుచ్చుకుంది. నోరు తెరిచేలోపు లాయరమ్మ గుమ్మమెక్కింది. చెల్లెలు లేచి నిలబడింది.

"చేతులు నేనే కత్తిరించానండీ. పాడైపోయాయి."

"రెండూ ఒకే చెయ్యా? కోర్టులో ఒంటిచేత్తో వాదించమంటావా? నీకెందుకమ్మా రాని పని? పెద్దామె చేతిలో పడుంటే ఇలా అయ్యేదా!"

ఆ మాట ఎవరో ఒకరు అనాలని అక్క ఇరవయ్యేళ్ళు ఎదురుచూసింది. ఇప్పుడు అన్నారు. ఆమె తల వంచుకుని బల్ల మీది సుద్దపొడి తుడిచింది.

"గుడ్డ మేమే తెప్పిస్తామండీ," అంది చెల్లెలు.

"తెప్పించండి. కత్తిరించడం మాత్రం పెద్దామే చెయ్యాలి."

ఆవిడ వెళ్ళిపోయింది.

"నేను నిజం చెప్తాననుకున్నావా?" అంది అక్క.

"లేదు."

"మరెందుకే నెత్తినేసుకున్నావు?"

"ఆవిడ నిన్ను నాలుగు మాటలంటుంటే వినలేను. అలాగని నీ మీద ప్రేమ పొంగిపోతోందనుకోకు. నువ్వు ఆ కత్తెర పట్టుకున్నప్పుడల్లా కుళ్ళి చచ్చాను."

"తెలుసు. అందుకే ఇవ్వలేదు."

అక్కకి కాళ్ళు లాగుతున్నాయి. పోట్లాడే ఓపిక లేదు. వరసలో తర్వాత కత్తిరించాల్సిన గుడ్డ బల్ల మీద పరిచి, కత్తెర దాని మీద పెట్టి, పక్కకి జరిగింది.

"కానియ్."

చెల్లెలు గీత గీసింది. కత్తెర పెట్టబోతూ అక్క మొహంలోకి చూసింది.

"నన్ను చూస్తావేం? గీత చూసుకో."

గుడ్డ సరిగ్గా తెగింది. ఎక్కడైనా వంకర పోతుందేమోనని చివరిదాకా చూసి, అక్క చెల్లెలి కుర్చీలో కూలబడింది.

"లాయరమ్మకి నిజం నేను చెప్తాలే," అంది.

"ఊఁ," అంది చెల్లెలు.

చెప్పదని ఇద్దరికీ తెలుసు.