నీటికుక్క అడిగిన మాట

పొద్దున్నే ఫ్లాస్కులో టీ పోసుకుని, ముమ్మిడివరం అవతల చేపల చెరువుల గట్టు మీదికి వెళ్ళడం సుప్రియకి అలవాటు. కాలవల్లో మందలుగా తిరుగుతూ చేపలు తినే నీటికుక్కలు ఎలా నేర్చుకుంటాయి, ఏం గుర్తుపెట్టుకుంటాయి అన్నదే ఆమె పరిశోధన. తోటివాళ్ళంతా సంసారాల్లో పడ్డా ఆమె మాత్రం ఆ బురదలోనే ఉండిపోయింది.

అక్కడి కాలవలో ఒక ముసలి నీటికుక్క తెలుగు మాట్లాడేది. దానికి వింతపడ్డవాళ్ళెవరూ లేరు. వలలు ఆరేసేవాళ్ళు "ఏమ్మా, తిన్నావా?" అంటే, "ఆయ్, తిన్నానండీ" అనేది. సుప్రియ ఆ మాటలన్నీ థీసిస్‌లో రాస్తే గైడుగారు కొట్టేసేరు.

"ప్రవర్తన రాయమ్మా. కబుర్లు మనకెందుకు?"

ఆమె తీసేసింది.

మిగిలింది మంచి పరిశోధనే. ఒకసారి చూసిన బోను దగ్గరికి నీటికుక్క మళ్ళీ రాదు. పిల్ల ఏడిస్తే మాత్రం ఎక్కడున్నా మందంతా వచ్చేస్తుంది. ఆ ఏడుపుని ఆమె ఫోనులో రికార్డు చేసింది. వ్యాసం అచ్చయ్యింది. విశాఖపట్నంలో లెక్చరరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది.

ఆ సంగతి విని చెరువుల యజమాని గంగాధరరావు గారు ఇంటికి పిలిచేరు. ఒకప్పుడు సుప్రియ నాయనమ్మ ఆ వాకిట్లో ధాన్యం తూర్పారబట్టి, తన గిన్నె తనే తెచ్చుకుని దూరంగా కూచుని తినేది. ఇప్పుడు అదే వాకిట్లో సుప్రియకి కుర్చీ వేసేరు, కాఫీ ఇచ్చేరు.

"చేపలన్నీ అవే మేసేస్తున్నాయమ్మా. బోన్లు పెడితే దగ్గరికి రావు. ఎందుకంటావు? చదువుకున్నదానివి, నువ్వే చెప్పాలి."

ఆ ఇంట్లో తనని అలా అడిగినందుకు ఆమె పొంగిపోయింది. బోను సంగతి చెప్పింది. పిల్ల ఏడుపు సంగతీ చెప్పింది. వినిపించమంటే వినిపించింది. పంపమంటే ఆయన ఫోనుకి పంపింది.

వారం తిరక్కుండానే గట్టు మీద స్పీకరు పెట్టి, చుట్టూ వలలు పన్నేరు. మందంతా వచ్చింది. కర్రలతో కొట్టి చంపేసి అక్కడే పాతిపెట్టేరు. సుప్రియ పరిగెత్తుకెళ్ళేసరికి పైన మట్టి ఇంకా తడిగానే ఉంది.

"నేను చంపమన్లేదు కదండీ!"

"నువ్వేం చేసేవమ్మా, అడిగితే చెప్పేవు," అన్నారు గంగాధరరావు గారు మెత్తగా. "నీ మేలు మర్చిపోను."

ఇంటర్వ్యూకి బయల్దేరిన రోజు ఆమె కాలవ వంతెన మీద బస్సు కోసం నిలబడింది. ఆ బస్సు తప్పితే కాకినాడలో రైలు అందదు. కింద నీళ్ళలోంచి ముసలి నీటికుక్క తలెత్తింది. వలలు పన్నిన రోజు ఏటి వైపు పోయి ఉండబట్టి అదొక్కటే బతికింది. సుప్రియని పల్లెత్తు మాట అనలేదు.

"మా పిల్ల గొంతు మీ ఫోనులో ఉందట కదా అమ్మాయిగారూ. ఒక్కసారి వినిపించండమ్మా."

సుప్రియ బ్యాగు వంతెన మీదే వదిలి, రేవు మెట్లు దిగి, నీళ్ళ అంచున కూచుని వినిపించింది. ముసలిది కళ్ళు మూసుకుని వింది.

"ఇంకోసారండీ."

పైన బస్సు వచ్చి ఆగింది. "రండమ్మా, టైమైపోతోంది!" అని కండక్టరు కేకేసేడు. సుప్రియ తలెత్తలేదు. కాసేపు హారను కొట్టి కొట్టి బస్సు వెళ్ళిపోయింది.

ముసలిది తడి కాలు ఆమె మోకాలి మీద ఆనించింది.

"ఇంకోసారి."